బంగారం బిల్లులో "వేస్టేజ్": లెక్కా, అచ్చేసిన అబద్ధమా?

బిల్లుచూపు: 20 గ్రాముల మెషిన్ చెయిన్. లెక్క సులువుగా ఉండటానికి గ్రాము 10,000 అనుకుందాం. బంగారం 2,00,000. వేస్టేజ్ (తరుగు) 12 శాతం, అంటే 2.4 గ్రాములు, 24,000. ఆ 24,000 మీద కూడా 3 శాతం జీఎస్టీ. మొత్తం 2,30,720. ఆ 2.4 గ్రాములు ఎక్కడ పోయాయి? పోతే చూపించాలి, పోకపోతే ఆ మాట రాయకూడదు. నగ మీద 916 (91.6 శాతం స్వచ్ఛత) అని నిజం కొట్టించి, బిల్లు మీద ఇదా?

హరిశ్చంద్రుడి_పక్కింటాయన: ఏసీ గాలికి ఎగిరిపోయి ఉంటాయి.

ఆకురాయి: తరుగు అబద్ధం కాదు. మూసలో కరిగించింది మొదలు తీగ లాగి, కోసి, టంకం పెట్టి, ఆకురాయితో రుద్ది, మెరుగు పెట్టేదాకా ప్రతిచోటా రజను రాలుతుంది. దాన్ని ఏరుకుంటారు. కూర్చున్న చోట ఊడ్చిన మట్టి, చేతులు కడిగిన నీళ్లు కూడా పారబోయరు, కడిగి మళ్లీ కరిగిస్తారు. అయినా కొంత తిరిగి రాదు.

బిల్లుచూపు: కొంత అంటే 12 శాతమా? చేతులు కడిగిన నీళ్లే వదలని చోట 2.4 గ్రాములు వదిలేశారా?

ఆకురాయి: నేను చేతిపని గురించి చెబుతుంటే మీరు మెషిన్ చెయిన్ పట్టుకుని వేలాడుతున్నారు.

రాళ్లహారం: వేస్టేజ్ సంగతి తర్వాత, ముందు రాళ్లు చూడండి. 5 క్యారెట్ల రాళ్లంటే 1 గ్రాము. గ్రాస్ వెయిట్ (మొత్తం బరువు), నెట్ వెయిట్ (ఒక్క బంగారం బరువు) విడివిడిగా రాయించుకోకపోతే రాయికి కూడా బంగారం రేటు పడుతుంది. బోలు నగల్లో లక్క కూడా తూగుతుంది. కొనేటప్పుడు మీకు గుర్తు లేకపోయినా, అమ్మబోతే వాళ్లకు తప్పకుండా గుర్తొస్తుంది.

మూడోకన్ను: హెచ్‌యూఐడీ (నగ మీద కొట్టే గుర్తింపు కోడ్) ఆరు అక్షరాలు, అంకెలు ప్రభుత్వ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు.

బిల్లుచూపు: అది స్వచ్ఛతండీ. నేను అడిగింది మాట గురించి.

హరిశ్చంద్రుడి_పక్కింటాయన: తల్లి నగలోనైనా కంసాలి కాస్త మిగుల్చుకుంటాడని సామెత ఊరికే పుట్టిందా?

ఆకురాయి: ఆ సామెత కట్టినవాడు కుంపటి ముందు ఒక్కరోజు కూర్చుని ఉండడు. చెయిన్ చేసింది మెషిన్, బిల్లు వేసింది షోరూమ్, తిట్లు మాత్రం కంసాలికా? తరుగు మా మాట, వాళ్లు ఎత్తుకెళ్లి లాభానికి తొడిగారు. ఎందుకు తొడిగారో కూడా వినండి. కూలి 24,000 అని రాస్తే మీరిస్తారా? 3,000 చాలదా అంటారు. అదే 12 శాతం అంటే 11 చేయించుకుని, గెలిచామని మురిసిపోతూ ఇంటికెళ్తారు. మీ చెవికి ఏది ఇంపుగా ఉంటుందో అదే రాశారు.

బిల్లుచూపు: ఇదిగో, అది కూలి, లాభం అని మీరే ఒప్పుకున్నారు! మరి గ్రాము 7,000 ఉంటే అదే చెయిన్‌కి "తరుగు" 16,800. 10,000 అయితే 24,000. మెషిన్‌కి పని పెరిగిందా? పెరిగిన 7,200 పనివాడి చేతికి వచ్చిందా? కూలి అయితే గ్రాముకి ఇంత అని రూపాయల్లో రాయమనండి.

ఆకురాయి: రాలేదు. నా కడుపుమంటా అదే. కానీ రూపాయల్లో రాసిన బిల్లు మీ ముందు పెడితే బేరం ఆడకుండా కడతారా?

రాళ్లహారం: "0 శాతం వేస్టేజ్" బోర్డులకు కూడా పడిపోకండి. మేకింగ్ చార్జీ, గ్రాము రేటు కలిపి చూడాలి. రెండు దుకాణాల్లో ఒకే బరువుకి జీఎస్టీతో సహా చివరి అంకె ఎంతో అడగండి, శాతాలు వినొద్దు.

హరిశ్చంద్రుడి_పక్కింటాయన: అక్కడ ఏసీ పనిచేయడం లేదేమో.

బిల్లుచూపు: ఆకురాయి గారూ, బేరం ఆడతాను. కాకపోతే దేనికి ఆడుతున్నానో తెలిసి ఆడతాను.

ఆకురాయి: సరే. ముందు పక్కింటాయన్ని ఆ సామెత వెనక్కి తీసుకోమనండి.