అప్‌డేట్: నడుము పట్టేసిన 3 వారాల తర్వాత

మద్దిలపాలెంలోని మా ఇంట్లో గ్యాస్ సిలిండర్ ఎత్తబోయి నడుము పట్టేసిందని, మంచం దిగకుండా ఉండాలా, ఫిజియోథెరపీకి వెళ్లాలా అని ఆనాడు మిమ్మల్ని అడిగాను. కాళ్లలో బలహీనత, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం వంటి ప్రమాద సూచనలేవీ లేవని నిర్ధారించుకున్నాకే ఫిజియోథెరపిస్టు చికిత్స మొదలుపెట్టారు, ఎక్స్‌రే అక్కరలేదన్నారు.

చేతులతో వెన్ను కీళ్లను మెల్లగా కదిలించే చికిత్స 3 సార్లు జరిగింది. ప్రతిసారీ బిగుతు సడలిన మాట నిజమే గాని, మరునాటికి కొంత తిరిగి వచ్చేది కనుక, దానినొక్కదానినే నమ్ముకోవడం సరికాదని నా అభిప్రాయం. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇటువంటి కొత్త నొప్పి చాలామందిలో ఏ చికిత్స చేసినా కాలక్రమేణా తగ్గుతుందనీ, మందుల కంటే ముందు వేడి కాపడం, మర్దన, వెన్ను కీళ్ల చికిత్స వంటివి ప్రయత్నించవచ్చనీ చెబుతున్నాయి. అందువల్ల నాకు ఏది పనిచేసిందో ఖచ్చితంగా చెప్పలేను. అయితే, భయం పోగొట్టింది మాత్రం నడకే. ఆర్కే బీచ్ రోడ్డులో 10 నిమిషాలతో మొదలుపెట్టి, ఇప్పుడు 40 నిమిషాలు నడుస్తున్నాను. గాజువాక బస్సులో ఎక్కువసేపు కూర్చుంటే మాత్రం ఇంకా కాస్త నొప్పి తెలుస్తోంది.