ఇంట్లో రంగు వేసిన ఈకలతో కట్టిన ఫ్లైలు మన పంపకంలో ఉండాలా, వద్దా?

కొత్త_గాలం:
న్యూజెర్సీ, న్యూయార్క్ వైపు ట్రౌట్ చేపలు పట్టే తెలుగువాళ్లం ఏటా తలా పన్నెండు ఫ్లైలు (గాలానికి ఈకలు, బొచ్చు చుట్టి పురుగుల్లా చేసే ఎరలు) కట్టి పంచుకుంటున్నాం కదా. ఈసారి ఒక పెట్టెలో హెండ్రిక్సన్ అనే రకం ఫ్లై రెక్కల పసుపు రంగు దిగి, పక్కనున్న లైట్ కాహిల్ అనే మరో రకం ఫ్లై మెడ ఈకలకు అంటుకుంది. ఇకమీదట ఇంట్లో రంగు వేసిన ఈకలు, బొచ్చు వద్దని, కొట్టులో కొన్నవే వాడాలని ఒక ప్రతిపాదన వచ్చింది. నిర్ణయించేముందు అందరూ చెప్పండి.

విల్లోవీమాక్_గట్టు:
ఆ పెట్టె నాది, ప్రతిపాదనా నాదే. కాహిల్‌కు మీగడ రంగు హ్యాకిల్, అంటే కోడి మెడ ఈక, కావాలి. మచ్చలేని మెడ తోలు దొరకడానికి రెండేళ్లు వెతికాను. ఏప్రిల్ చివర బీవర్‌కిల్ నదిలో మొదటి రోజే పెట్టె కొంచెం తడిసింది. మూత తీసి చూస్తే మీగడ హ్యాకిల్ పసుపు నీళ్లలో ముంచినట్టుంది. కొట్టువాళ్లకు కొలత ఉంటుంది. ఇంట్లో వేసేవాళ్లు వెనిగర్ ఎంత పోశారో వాళ్లకే తెలియదు.

చలి_పొద్దు:
ఉల్లిపొట్టు, పటిక. పదేళ్లుగా మా ఇంట్లో అదే పద్ధతి. ఒక్కసారీ దిగలేదు.

పెడన_వాడు:
గట్టుగారూ, మీ నష్టం నాకు అర్థమైంది. కానీ తప్పు ఇంటిది కాదు. ఈకా బొచ్చూ కెరటిన్, అంటే ప్రోటీన్. ఆమ్లపు రంగు దాన్ని పట్టుకోవాలంటే పులుపూ వేడీ ఉండాలి. అంతకంటే ముందు జిడ్డు పోవాలి. బాతు ఈకకు సహజంగానే నూనె ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బునీళ్లలో రాత్రంతా నానబెట్టకుండా రంగులో వేస్తే అది పైపైనే ఉండిపోతుంది. ఇంకొకటి, అన్ని బట్టలకూ పనికొస్తుందని అమ్మే కలగలుపు పొడిలో నూలుకు పట్టే రంగు కూడా ఉంటుంది. ఈక మీద అది గట్టిగా నిలవదు. మీ పెట్టెలో దిగింది అదే అయి ఉండవచ్చు.

అసలు మల్లార్డ్ అనే బాతు ఈకకు రంగు వేయడం మొదలైందే అవసరం కొద్దీ. హెండ్రిక్సన్‌కూ కాహిల్‌కూ రెక్క వుడ్‌డక్ అనే మరో బాతు పక్క ఈకతో కట్టాలి. ఆ బాతు బాగా తగ్గిపోవడంతో అమెరికాలో 1918లో దాని వేట ఆపారు, 1941 దాకా మళ్లీ తెరవలేదు. చారల మల్లార్డ్ ఈకను నిమ్మపండు గోధుమ రంగులో ముంచి ఆ లోటు తీర్చుకున్నవాళ్లున్నారు. వాళ్లు కట్టినవి ఫ్లైలు కావంటారా?

విల్లోవీమాక్_గట్టు:
చరిత్ర వద్దు. వెనిగర్ ఎంత? చెంచానా, గిన్నెడా? అడిగినదానికి జవాబు రాలేదు. నిరుడు నేనూ ప్రయత్నించాను. కుందేలు తోలు పట్టీలకు ఆలివ్ రంగు వేద్దామని నీళ్లు మరగబెట్టాను. బయటికి తీస్తే తోలు ముడుచుకుపోయి మామిడి తాండ్రలా గట్టిపడింది. వేలితో వంచితే విరిగింది. నలభై డాలర్లు వృథా.

బోల్డర్_నుంచి:
తోలును మరిగే నీళ్లలో వేశారా! 60 డిగ్రీలు దాటితే పచ్చితోలు ముడుచుకుంటుంది. తోలుకు గోరువెచ్చని నీళ్లే.

పెడన_వాడు:
వెనిగర్ లీటరు నీళ్లకు రెండు పెద్ద చెంచాలు. ఈకలు రంగులో పది నిమిషాలు కదిలాక పోస్తాను, ముందే పోస్తే రంగు ఒకచోటే గబుక్కున పట్టి మచ్చలు వస్తాయి. విడి ఈకకు ఆవిరి లేచే వేడి చాలు, తెర్లకూడదు. వుడ్‌డక్ రంగుకు మాత్రం నేనూ ఉల్లిపొట్టే వాడతాను, పటికలో ముందు నానబెట్టి. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపిస్తుంది కనుక ఒక ఈక తీసి ఆరబెట్టి, తెల్ల కాగితం మీద కిటికీ దగ్గర పెట్టి చూస్తాను. చారలు నల్లగా నిలిచి, నేపథ్యం మాత్రమే తేనె రంగుకు వస్తే ఆపేస్తాను. జాడించిన నీళ్లు తేటగా దిగేదాకా వదలను.

విల్లోవీమాక్_గట్టు:
ఇంత తతంగం అవసరమా? పొట్లం అయిదు డాలర్లు. ఆ వారం నదిలో గడపవచ్చు. అన్నం వండే పొయ్యి మీద ఈకలు ఉడకబెట్టడం, చేతులు పసుపు చేసుకోవడం... ఇది మురికి పని. సంసారం చేసుకునేవాళ్లు చేయవలసింది కాదు.

చలి_పొద్దు:
ఆ మాట బాగాలేదు, గట్టుగారూ.

పెడన_వాడు:
నా గిన్నె వేరు, గ్యారేజీలో పొయ్యి వేరు. ఆ గిన్నె వంటింట్లోకి రాదు. అది అలా ఉంచండి.

మా నాన్న పెడనలో కలంకారీ అద్దకం చేసేవారు. కరక్కాయ నీళ్లలో బట్ట తడపడం, పటిక, మంజిష్ఠ, ఆ తర్వాత కాలువలో జాడించడం. ఆయన గోళ్ల అంచుల్లో ఎరుపు ఏనాడూ పోలేదు. పెళ్లిళ్లలో పంక్తిలో కూర్చుంటే కొందరు ఆ చేతులవైపు ఎలా చూసేవారో చిన్నప్పుడు నేను చూశాను. మీరు ఇవాళ రాసిన రెండు మాటలు అవే. నూలుకు చేసే పని ఈకకు సరిపోదు, నేర్చుకోవలసింది నాకూ చాలా ఉంది. కానీ రంగు నీళ్లు తేటపడేదాకా జాడించాలన్నది నాకు ఆయనే నేర్పారు.

ఇంకొకటి. ఆ హెండ్రిక్సన్లు నావి కావు. మీరు మొదటి నుంచీ నావే అనుకుంటున్నారు కదా?

విల్లోవీమాక్_గట్టు:
అనుకున్నాను. ఇక్కడ రంగులు వేసేది మీరేనని అందరూ అంటారు. మురికి అన్నది తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను. మీ నాన్నగారి గురించి నాకు తెలియదు.

నా బాధ రంగు గురించి మాత్రమే కాదు. ఆ ఫ్లైలు కట్టినవారు మూడు నెలలైనా "నావే, పొరపాటైంది" అనలేదు. ఒక్క మాట చెప్పి ఉంటే ప్రతిపాదన పెట్టేవాణ్ణి కాను. ఎవరు కట్టారో పెట్టెలో రాయనప్పుడు, కొట్టు పేరైనా ఉంటే నాకు కొంత భరోసా.

పెడన_వాడు:
అయితే పేరు రాయమని నియమం పెట్టండి. రంగు వేసిన ప్రతి ఈకనూ, ఎక్కడిదైనా సరే, తడి కాగితపు రుమాలులో రాత్రంతా ఉంచి చూడమనండి. ఇంటిదని వేరు చేయకండి.

విల్లోవీమాక్_గట్టు:
చూశామని అబద్ధం చెబితే?

బోల్డర్_నుంచి:
ఇప్పుడే కొట్టులో కొన్న నల్ల మారబూ ఈక తడిపి చూశాను. రుమాలు మీద ఊదా రంగు దిగింది. పొట్లం కూడా కొత్తదే.

విల్లోవీమాక్_గట్టు:
నా దగ్గరున్న మల్లార్డ్ పొట్లం తెరిచి రెండు ఈకలు నానబెట్టాను. పొద్దున చెబుతాను. ప్రతిపాదన మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు.