క్రికెట్ బంతి తగిలి పన్ను ఊడింది, రేపటిదాకా ఆగొచ్చా?

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. పావుగంట క్రితం బంతి తగిలి పై ముందు పన్ను వేరుతో సహా ఊడొచ్చింది. కర్చీఫ్‌లో చుట్టాను. ఆదివారం కదా, మా వీధి క్లినిక్ మూసేశారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆగొద్దండి! ఆ వయసులో ముందు పన్నంటే మళ్లీ రాదు. ముందు కర్చీఫ్‌లోంచి తీసి చల్లటి పాలలో వేయండి. వేరు ముట్టుకోవద్దు, తెల్లటి భాగమే పట్టుకోండి. రెండేళ్ల క్రితం మా పాప పన్నుకి మట్టి అంటిందని కుళాయి కింద గట్టిగా రుద్ది కడిగాను. వేరు మీది పొర పోయింది, పన్ను అతుక్కోలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. మట్టి ఉంటే పాలతో ఒక్కసారి తొలిపితే చాలు. అరగంటలోపు చేరితే మంచిది, గంట దాటనివ్వకండి. దగ్గర్లో తెరిచిన దంతవైద్యుడికి దారిలోనే ఫోన్ చేయండి.

ఇంకొకరు: బాబు వాంతి చేసుకున్నా, మగతగా ఉన్నా పన్ను సంగతి తర్వాత, ముందు క్యాజువాల్టీకి వెళ్లండి. పాలపన్నైతే మాత్రం తిరిగి పెట్టరు.

అడిగినవారు: వాంతులేం లేవండి. పాలగ్లాసుతోనే వెళ్లాం. పన్ను పెట్టి పక్క పళ్లకు తీగతో కట్టారు. రెండు వారాలు మెత్తటి అన్నమే. మీకు చాలా థాంక్సండి.