విచారణ ముగియకముందే పాఠకులను హెచ్చరించాలా?

సహ సంపాదకురాలు, తార్నాక

హైదరాబాదు నుంచి వెలువడే ఒక చిన్న జీవశాస్త్ర పత్రికకు ఆరేళ్లుగా సహ సంపాదకురాలిగా పనిచేస్తున్నాను. కాలేజీలో పాఠాలు చెప్పి ఇంటికి వచ్చాక, రాత్రిపూట కూర్చుని చేసే జీతం లేని పని ఇది. ప్రచురితమైన వ్యాసంపై గట్టి ఆధారాలతో ఫిర్యాదు వచ్చినప్పుడు, రచయితలు పనిచేసే సంస్థ విచారణ ముగించేదాకా పత్రిక మౌనంగా ఉండాలా, లేక ఈ వ్యాసంపై సందేహాలున్నాయని పాఠకులకు ముందే చెప్పాలా అన్నది నా ప్రశ్న. చెప్పి తీరాలన్నదే నా అభిప్రాయం.

మా పత్రికకు వచ్చిన ఒక ఫిర్యాదు సంగతి చెబుతాను. రాసినవారు పేరు పెట్టలేదు గానీ, ఎక్కడ ఏం చూడాలో స్పష్టంగా రాశారు. వ్యాసంలోని మూడో చిత్రం ఒక వెస్టర్న్ బ్లాట్, అంటే నమూనాలోని ప్రొటీన్లను పట్టీలుగా చూపే పరీక్ష చిత్రం. దాన్ని పెద్దది చేసి, కాంట్రాస్ట్ పెంచి చూశాను. ఎడమవైపు వరుసలో నాలుగో పట్టీ అంచున ఆవగింజంత మచ్చ ఉంది, దాని కింద వెంట్రుకలాంటి గీత ఉంది. కుడివైపు వరుస వేరే ప్రయోగంలోదని రచయితలు రాశారు. ఆ వరుసను అద్దంలో చూసినట్టు తిప్పితే అదే మచ్చ, అదే గీత, అదే చోట కనిపించాయి. రెండు వేర్వేరు ప్రయోగాల్లో ఒకే నలుసు ఒకే చోట పడడం నేనెక్కడా చూడలేదు.

కరెస్పాండింగ్ ఆథర్‌కు, అంటే రచయితలందరి తరఫున పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే వారికి రాస్తే, ల్యాబు మారినప్పుడు హార్డ్ డిస్క్ పాడైందని, ముడి ఫైళ్లు లేవని జవాబు వచ్చింది. వారి సంస్థకు రాస్తే, ఉత్తరం అందిందని ఒక్క వాక్యం వచ్చింది. ఆ తరువాత పద్నాలుగు నెలలు గడిచాయి. ఆ వ్యాసం మా వెబ్‌సైటులో ఎప్పటిలాగే ఉంది, చదివేవాళ్లు చదువుతూనే ఉన్నారు.

1997లో బ్రిటన్‌లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు మొదలుపెట్టిన కోప్ అనే ప్రచురణ నైతికత కమిటీ, విచారణ బాధ్యత ప్రధానంగా సంస్థదేనని చెబుతుంది. అయితే ఆధారాలు అటూ ఇటూ తేలనప్పుడు, సంస్థ విచారణకు ముందుకు రానప్పుడు, తీర్పుకు చాలాకాలం పట్టేలా ఉన్నప్పుడు ‘ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ కన్‌సర్న్’ అనే హెచ్చరిక ప్రకటన వేయవచ్చునని కూడా ఆ కమిటీయే చెబుతుంది. మన దగ్గర ఆ దారి తొక్కే పత్రికలు చాలా తక్కువ. మౌనం ఖరీదు ఎంతో తెలియాలంటే లాన్సెట్ అనే బ్రిటన్ వైద్య పత్రిక ఉదంతం చాలు. 12 మంది పిల్లల వివరాలతో తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వ్యాసం అందులో 1998 ఫిబ్రవరిలో వచ్చింది. 2004లో 10 మంది సహ రచయితలు ఆ ముడిని వెనక్కి తీసుకున్నారు. పూర్తి ఉపసంహరణ జరిగింది మాత్రం 2010 ఫిబ్రవరిలో, అదీ బ్రిటన్ వైద్య మండలి విచారణ తేలాకే. ఆ పన్నెండేళ్లలో ఎందరు తల్లిదండ్రులు భయపడి పిల్లలకు టీకా వేయించడం మానుకున్నారో తలచుకుంటే, తీర్పు కోసం ఆగాలనే మాట నా గొంతు దిగడం లేదు.

విశ్రాంత ఆచార్యుడు, హబ్సిగూడ

అమ్మా, మీ ఆవేదన నాకు అర్థమైంది, మీరు చూసిన మచ్చను నేనూ కాదనను. అయినా మీతో ఏకీభవించలేకపోతున్నాను. మూడు విచారణ కమిటీల్లో కూర్చున్న అనుభవంతో ఈ మాట అంటున్నాను.

1986లో సెల్ పత్రికలో థెరెజా ఇమానిషి-కారి, నోబెల్ గ్రహీత డేవిడ్ బాల్టిమోర్ తదితరులు రాసిన వ్యాసాన్ని అదే ల్యాబులో పనిచేసిన ఒక పరిశోధకురాలు ప్రశ్నించారు. 1991లో ఆ వ్యాసం ఉపసంహరణకు గురైంది. అదే ఏడాది బాల్టిమోర్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ అధ్యక్ష పదవి వదులుకున్నారు. అమెరికా ప్రభుత్వ పరిశోధన నైతికత కార్యాలయం 1994లో ఇమానిషి-కారిని దోషి అన్నది. 1996లో అప్పీలు బోర్డు ఆ ఆరోపణలన్నిటినీ కొట్టివేసింది. పదేళ్లు! ఆ పదేళ్లను ఆమెకు తిరిగి ఇచ్చినవారెవరు?

మన విభాగాల్లో పరిస్థితి ఇంకా సున్నితం. నేనున్న కమిటీల్లో ఒకదానికి వచ్చిన ఫిర్యాదు, సరిగ్గా ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూ జరగడానికి పది రోజుల ముందు వచ్చింది. నాలుగు నెలలు శ్రమపడి చూస్తే, చిత్రాలను జతపరచేటప్పుడు జరిగిన పొరపాటని, అసలు ఫైళ్లు సక్రమంగానే ఉన్నాయని తేలింది. ఇంటర్వ్యూ మాత్రం అప్పటికే ముగిసింది, ఆ పదవి ఆయనకు రాలేదు. పత్రిక హెచ్చరిక కూడా తోడై ఉంటే ఆయన తల ఎత్తుకుని తిరగగలిగేవారా? మనవాళ్లు ‘సందేహం’ అన్న మాటను సందేహంగా చదవరు, ‘దొరికిపోయాడు’ అని చదువుతారు. మీరెంత జాగ్రత్తగా రాసినా ఆ చదువరిని మార్చలేరు.

పరిశోధక విద్యార్థి, గచ్చిబౌలి

సార్, మేడం, మీ ఇద్దరి మాటల్లోనూ నా కథ ఉంది కాబట్టి రాస్తున్నాను.

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఒక పేపరును నమ్మి, అందులోని ఫలితం మీద నా పనిని నిలబెట్టాను. కేంద్ర శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ ఇచ్చే ఫెలోషిప్‌లో చిల్లర ఖర్చులకని ఏడాదికి వచ్చే 20,000 రూపాయల కంటింజెన్సీ, బ్లాట్‌లో ప్రొటీన్‌ను గుర్తుపట్టడానికి వాడే యాంటీబాడీకే చాలలేదు, మిగతాది గైడు ప్రాజెక్టు నుంచి తీశాం. ఎనిమిది నెలలు చేశాను. ప్రతిసారీ పట్టీ రావలసిన చోట ఖాళీయే వచ్చింది. నా చేతిలో పని లేదనుకున్నాను, బఫర్లు మార్చాను, మా అమ్మకు ఫోన్ చేసి ఇంటికి వచ్చేస్తానన్నాను. ఆ పేపరుపై అంతకు ఏడాది ముందే ఫిర్యాదు వెళ్లిందని తరువాత ఒక కాన్ఫరెన్సులో టీ తాగుతుంటే తెలిసింది. ఒక్క వాక్యం అక్కడ పెట్టి ఉంటే నాకు ఎనిమిది నెలలు మిగిలేవి.

అయితే సార్ చెప్పిన భయం కూడా నిజమే, అది మొదట మాకే తగులుతుంది. పేపరులో తొలి పేరు స్కాలర్‌ది. ముడి ఫైళ్లు ఉండేది గైడు కంప్యూటర్లో. సంజాయిషీ అడిగేసరికి స్కాలర్ ల్యాబు వదిలి వెళ్లిపోయి ఉంటాడు, అతని పాత మెయిల్ ఐడీ కూడా పనిచేయదు. హెచ్చరిక వేసే ముందు ప్రతి రచయితకూ విడివిడిగా రాస్తారా మేడం?

గ్రంథాలయ అధికారి, విద్యానగర్

ఒక చిన్న విషయం చేరుస్తాను. ఉపసంహరించిన వ్యాసాలను కూడా జనం ఉదహరిస్తూనే ఉంటారు, ఎందుకంటే ఎప్పుడో దించుకున్న పీడీఎఫ్ మారదు. ఉపసంహరించిన వ్యాసాల జాబితా అయిన రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ను, పరిశోధన వ్యాసాల వివరాలను నమోదుచేసే క్రాస్‌రెఫ్ అనే సంస్థ 2023లో తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచింది. ఆ ఏడాది హిందావి అనే ఒక్క ప్రచురణ సంస్థ పత్రికలే 8,000కు పైగా వ్యాసాలను వెనక్కి తీసుకున్నాయి. థీసిస్ సమర్పించేముందు రిఫరెన్సులన్నిటినీ ఒకసారి ఆ డేటాబేస్‌లో సరిచూసుకోమని మా దగ్గరికి వచ్చే ప్రతి విద్యార్థికీ చెబుతున్నాను. పత్రిక హెచ్చరిక వేసినా, దాన్ని క్రాస్‌రెఫ్‌కు పంపకపోతే అది ఎవరికీ చేరదు.

సహ సంపాదకురాలు, తార్నాక

ఆచార్యులవారూ, ఇమానిషి-కారి ఉదంతాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ ఆమెకు జరిగిన అన్యాయంలో ప్రధాన భాగం అధికారులు దోషి అని తేల్చడం వల్ల జరిగింది. నేనడుగుతున్న ప్రకటన ఎవరినీ దోషి అనదు, ఫలానా చిత్రానికి ముడి ఫైళ్లు అడిగితే అందలేదని మాత్రమే చెబుతుంది. అది అభిప్రాయం కాదు, జరిగిన సంగతి. మీ కమిటీ విచారించిన ఆయన విషయంలో అసలు ఫైళ్లు ఉన్నాయి కదా. వాటిని మొదటి నెలలోనే పత్రికకు పంపి ఉంటే, ఆయన విషయంలో ప్రకటన అవసరమే వచ్చేది కాదు.

విచారణ సకాలంలో ముగిసేదైతే నేను ఆగడానికి సిద్ధమే. యూజీసీ 2018 నిబంధనల్లో విభాగ స్థాయి కమిటీకి 45 రోజులు, సంస్థ స్థాయి కమిటీకి మరో 45 రోజులు గడువుంది. కానీ ఆ నిబంధనలు గ్రంథచౌర్యానికే పరిమితం. అక్షరాల పోలిక 10 శాతం దాటితే తప్పుగా లెక్కిస్తారు, థీసిస్‌లో 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు చేస్తారు. లేని ఫలితాన్ని సృష్టించినా, చిత్రాన్ని తిప్పి అతికించినా ఆ శాతాల్లో ఎక్కడా పట్టుబడదు. పోలిక 4 శాతమే ఉన్న వ్యాసం మొత్తం కల్పితం కావచ్చు. సిమిలారిటీ రిపోర్టు జతచేస్తే నైతికత తేలిపోయినట్టే అనుకునే అలవాటు మన కాలేజీల్లో ఎంతగా పాతుకుపోయిందో చూసినప్పుడల్లా నాకు దుఃఖం కలుగుతుంది.

త్వరగా కదలడం సాధ్యమేనని అదే లాన్సెట్ తరువాత చూపించింది. సర్జిస్ఫియర్ అనే సంస్థ డేటా ఆధారంగా కోవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు హానికరమంటూ 2020 మే 22న వచ్చిన వ్యాసం వల్ల, ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రయోగాల్లో ఆ మందును కొన్నాళ్లు ఆపింది. డేటాపై ప్రశ్నలు రాగానే జూన్ మొదటి వారంలో హెచ్చరిక ప్రకటన, స్వతంత్ర పరిశీలకులకు ఆ డేటా దక్కకపోవడంతో జూన్ 4న ఉపసంహరణ జరిగాయి. లోకమంతా చూస్తున్న వ్యాసం కాబట్టి అంత వేగం వచ్చిందని మీరనవచ్చు. ఎవరూ చూడని వ్యాసాన్ని నమ్ముకుని ఎనిమిది నెలలు పోగొట్టుకున్న విద్యార్థి పైన రాశారు కదా, ఆయన కోసమూ అంత కాకపోయినా కొంత వేగం ఉండాలని నేనంటున్నాను.

బాబూ, మీ ప్రశ్నకు జవాబు: ఇకపై రాస్తాం. ఇంతవరకు కరెస్పాండింగ్ ఆథర్‌కు మాత్రమే రాసేవాళ్లం, మీ మాట చదివాక అది తప్పని అర్థమైంది. వ్యాసం స్వీకరించేటప్పుడే ప్రతి రచయిత నుంచీ సంస్థ మెయిల్‌తోపాటు శాశ్వతంగా ఉండే మరో చిరునామా తీసుకోవాలని, బ్లాట్ ముడి చిత్రాలను ప్రచురణకు ముందే మా దగ్గర భద్రపరచాలని వచ్చే సంపాదక సమావేశంలో పెడుతున్నాను. పెండింగులో ఉన్న వ్యాసానికి నేను తయారుచేసిన ప్రకటన ఇది: ‘ఈ వ్యాసంలోని 3వ చిత్రంలో రెండు వరుసల మధ్య పోలికపై పత్రికకు ప్రశ్న అందింది. రచయితలను ముడి ఫైళ్లు కోరాం, అందలేదు. వారి సంస్థకు తెలియజేశాం, సమాధానం రావలసి ఉంది. వచ్చిన వెంటనే ఈ ప్రకటనను సవరిస్తాం.’

విశ్రాంత ఆచార్యుడు, హబ్సిగూడ

‘అందలేదు’ అన్నచోట, ఎవరెవరికి ఏ తేదీన రాశారో, ఎన్ని రోజుల గడువిచ్చారో కూడా చేర్చండి. రచయితలు నిర్దోషులని తేలితే ఆ మాటను ఇదే చోట, ఇదే పరిమాణంలో వేస్తామని ఇప్పుడే రాయండి. ఆ రెండూ ఉంటే నా అభ్యంతరం సగం తీరుతుంది. పేరు పెట్టని ఫిర్యాదు సంగతి మాత్రం నాకింకా మింగుడు పడలేదు. మీ సమావేశం అయ్యాక దాని గురించి విడిగా రాస్తాను.