చలికి పడిపోయిన గొర్రెపిల్లకు ముందు వేడా, పాలా?

దేవరకొండ మంద: చలి ముదిరింది. తెల్లవారుజామున ఈనిన పిల్లలు ఒళ్లు చల్లబడి నోరు తెరవట్లేదు. ముందు మంట దగ్గర పెట్టాలా, ముర్రుపాలు పట్టాలా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతుంటే టెన్షన్‌గా ఉంది.

పాలమూరు పశువైద్యం: ముందు పుట్టి ఎంతసేపయిందో చూడండన్నా. గొర్రెపిల్ల కడుపులో ఉన్నప్పుడే మూత్రపిండాల చుట్టూ బ్రౌన్ ఫ్యాట్ అనే కొవ్వు చేరుతుంది. పుట్టగానే చలి తగిలితే నరాల నుంచి నోరెపినెఫ్రిన్ అనే రసాయనం వచ్చి, ఆ కొవ్వు కణాల్లోని యూసీపీ1 ప్రోటీన్‌ను పనిలోకి దింపుతుంది. అప్పుడు కొవ్వు కరిగి నేరుగా వేడి అవుతుంది. పిల్ల ఒంట్లో పుట్టే వేడిలో దాదాపు సగం దీనిదే, మిగతాది ఎక్కువగా వణుకుది. కానీ ఈ నిల్వ కొంచెమే. పాలు పడకపోతే గంటల్లోనే తరిగిపోతుంది. కాన్పు కష్టమై ఆక్సిజన్ సరిగా అందని పిల్లలో అసలు సరిగా రాజుకోదు.

మలద్వారంలో థర్మామీటర్ పెట్టండి. 39 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. 37 కన్నా తగ్గి, పుట్టి 5 గంటలు దాటితే నేరుగా వేడి పెట్టొద్దు. అప్పటికే రక్తంలో చక్కెర పడిపోయి ఉంటుంది, ఒళ్లు వేడెక్కేకొద్దీ ఉన్న కాస్తా ఖర్చయి ఫిట్స్ వస్తాయి. ముందు డాక్టర్‌తో గ్లూకోజ్ ఇంజెక్షన్ చేయించి, తర్వాతే వేడి. ఇంకా 5 గంటలు దాటని పిల్లయితే తుడిచి వెచ్చబెట్టి, తల నిలబెట్టగానే ముర్రుపాలు పట్టండి. తల వాల్చేసిన పిల్లకు మాత్రం పాలు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

కల్వకుర్తి రైతు: మేమైతే పాత గోనెసంచితో గట్టిగా తుడిచి, తల్లితో నాకిస్తాం. తడి ఆరకపోతే ఎంత కొవ్వున్నా చాలదు. అక్కా, మా పక్కన పందులు పెంచేవాళ్లు పిల్లలకు బల్బులు పెడతారు. వాటికి ఈ కొవ్వు లేదా?

పాలమూరు పశువైద్యం: లేదన్నా. పందుల్లో యూసీపీ1 జన్యువు ఎప్పుడో పాడైపోయింది. వణకడం, ఒకదాన్నొకటి ఆనుకుని పడుకోవడం, అంతే. అందుకే పుట్టిన రోజు పందిపిల్లకు 34 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి.

వనపర్తి కురుమ: మావి నల్ల ఉన్ని దక్కన్ గొర్రెలు. గొంగడికి ఉన్ని కత్తిరిస్తాం. చూడి గొర్రెకు కత్తిరిస్తే పిల్లకు నష్టమా?

పాలమూరు పశువైద్యం: చలిదేశాల్లో చలికాలం చూడి గొర్రెలకు ఉన్ని తీసి చూశారు. తల్లికి చలి తగిలి మేత ఎక్కువ తిన్నది, పిల్ల బరువుగా పుట్టింది, దాని బ్రౌన్ ఫ్యాట్ కూడా బాగా పనిచేసింది. అక్కడ మేతకు లోటు లేదు. మన దగ్గర బీడు ఎండిపోయి తల్లి చిక్కి ఉంటే ఆ పని చేయొద్దు. చివరి నెలన్నర దాణా పెంచండి, కడుపులో పిల్ల ఎక్కువగా బరువు పెరిగేది అప్పుడే.