1803లో మాంక్స్ పోయారు, ఇంకా మఠం పేరుతో వైన్ అమ్మడం కరెక్టేనా?

మైన్జ్_మామయ్య:
ఆదివారం మా అమ్మని ఎబర్‌బాఖ్ మఠానికి తీసుకెళ్ళా, జర్మనీలో ఎల్ట్‌విల్ దగ్గర. 1136లో సిస్టర్సియన్లు అనే క్యాథలిక్ సన్యాసులు పెట్టింది. షాపులో ఏ బాటిల్ చూసినా మఠం పేరే. తీరా కనుక్కుంటే 1803లోనే మఠాన్ని రద్దు చేశారట, ఇప్పుడు ఆ వైన్ కంపెనీ ఓనర్ హెస్సె రాష్ట్ర ప్రభుత్వం. మందుకి కూడా మాంక్‌ల పేరు చెప్పి అమ్మడమేంటి, ఇది మోసం కాదా?

రీస్లింగ్_రాజు:
మోసం ఎలా అవుద్దండీ? తోట అదే, గోడ అదే. మఠం వాళ్ళ ద్రాక్షతోట స్టైన్‌బెర్గ్ చుట్టూ రాతిగోడ 1767 నాటిది, లోపల 32 హెక్టార్ల దాకా ఒక్క చేతికిందే ఉంది. ఫ్రాన్స్‌లో బర్గండీలో ఇదే సిస్టర్సియన్ల తోట క్లో ద వూజో చూడండి, ఫ్రెంచ్ విప్లవం టైమ్‌లో లాక్కుని అమ్మేస్తే ఇప్పుడు 50 హెక్టార్లకి 80 మంది దాకా ఓనర్లు, ఎవడి వైన్ బాగుంటదో ఎవడిది నీళ్ళో కొనేదాకా తెలీదు. ఇక్కడ నస్సావ్, ప్రష్యా రాజ్యాలు, తర్వాత హెస్సె రాష్ట్రం, ఎవరొచ్చినా ప్రభుత్వమే కాబట్టి ముక్కలవ్వలేదు.

బిర్యానీ_బెర్లిన్:
పార్కింగ్ ఫ్రీనా?

మైన్జ్_మామయ్య:
గోడ సంగతి ఎవరడిగారు? వైన్ చేసేది 2008లో కట్టిన కొత్త సెల్లార్‌లో. ద్రాక్ష పిండే పాత గానుగలు ఫొటోలకే. మరి మఠం వైన్ ఎక్కడుంది?

రీస్లింగ్_రాజు:
గోడ లేకపోతే తోటే లేదు సార్. మీరు గోడ చూశారా అసలు?

కోత_కుర్రాడు:
ఇద్దరూ మాంక్స్ మాంక్స్ అంటున్నారు. ఆ గానుగలు పెట్టిన హాలు ఎవరిదో చదివారా? లే బ్రదర్స్, అంటే మఠంలోనే ఉండి పనిచేసే, పూర్తి మాంక్ హోదా లేని బ్రదర్లు, అన్నం తిన్న హాలు. పొలం పని, బరువు పని వాళ్ళది, చర్చిలో చోటు మాత్రం వెనకాల వేరే. 13వ శతాబ్దంలో తిరగబడ్డారు కూడా. కొలోన్ దాకా సొంత పడవల్లో వైన్ పంపి సంపాదించింది మఠం, పేరు మాంక్స్‌ది. నేను ఓ సీజన్ వేరే తోటలో కోతకెళ్ళా, ఏటవాలు మీద నడుం వంచి పొద్దున్నే చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే కత్తెర పట్టుకుని కోస్తే, ఆఖర్న రూమ్ అద్దె, తిండి ఖర్చు అని సగం కోసేశాడు ఆ ఓనర్. బాటిల్ మీద ఎవరి పేరుంటే నాకేంటి?

రీస్లింగ్_రాజు:
తమ్ముడూ, నీ జీతం గొడవ తప్పే, కానీ దానికీ ఎబర్‌బాఖ్‌కీ ఏం సంబంధం?

కోత_కుర్రాడు:
మీరు గ్లాసు తిప్పుతూ వాసన చూసే పార్టీ, మీకు అర్థం కాదులెండి.

రీస్లింగ్_రాజు:
మర్యాదగా మాట్లాడు.

గోదారి_గాలి:
పాప్‌కార్న్ ఎవరికైనా కావాలా

మైన్జ్_మామయ్య:
అసలు విషయం చెప్తా వినండి. మా అమ్మ గుంటూరు చర్చిలో పెరిగిన మనిషి. లోపలికి రాగానే ముసుగేసుకుని ఆ రాతి నేల మీద మోకరిల్లింది. పక్కన టూర్ గ్రూపు ఆవిణ్ణి చుట్టుకుని పోతూ ఫొటోలు. ఓ మూల కచేరీకి స్టేజి కడుతున్నారు. నాన్నా, ఫాదర్ ఎక్కడున్నారు అనడిగింది. ఏం చెప్పమంటారు? షాపులో ఉన్నారనా? నా బాధ వైన్ గురించి కాదయ్యా.

రీస్లింగ్_రాజు:
మొదటి పోస్ట్‌లోనే ఇది రాసుంటే గోడ గురించి ఇంత టైప్ చేసేవాణ్ణి కాదు కదండీ. అమ్మగారు అడిగింది న్యాయమే. కానీ ఆ కప్పు బాగుచేయించడానికి డబ్బు ఎక్కణ్ణుంచో రావాలి, రాకపోతే ఆవిడ మోకరిల్లడానికి ఆ నేల కూడా మిగలదు.

మైన్జ్_మామయ్య:
బాగుచేయించుకోమనండి. గేటు దగ్గర ఇది మ్యూజియం అని పెద్దక్షరాలతో రాయమనండి, చాలు.

కోత_కుర్రాడు:
లే బ్రదర్స్ పేరు కూడా రాయమనండి, అదే బోర్డు మీద.

బిర్యానీ_బెర్లిన్:
పార్కింగ్ సంగతి ఎవరూ చెప్పలేదు