జైలు నుంచి వచ్చినవాళ్లు మళ్లీ కేసుల్లో పడకుండా ఏం చేశారు? మీ అనుభవాలు చెప్పండి

గుంటూరు కుర్రాడు
మా చిన్నాన్న కొడుకు కొట్లాట కేసులో శిక్ష పూర్తిచేసుకుని వచ్చే నెల రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి బయటికొస్తున్నాడు. లోపల వడ్రంగం బాగా నేర్చుకున్నాడు. పని ఎక్కడ అడగాలి? స్టేషన్ నుంచి మాటిమాటికీ పిలుపులు రాకుండా ఏం చేయాలి? పాత బ్యాచ్ మళ్లీ చుట్టూ చేరకుండా ఊరు మార్చమంటారా? పిన్నికి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

వెల్డింగ్ షాపు
తమ్ముడూ, అలా వచ్చిన ఒకతన్ని నేను పనిలో పెట్టుకున్నాను. గేట్లు, గ్రిల్స్ చక్కగా చేసేవాడు. కానీ మా ఏరియాలో ఎవరి బైకు పోయినా జీపు ముందు నా షాపు దగ్గరే ఆగేది. కస్టమర్ల ముందే ఎక్కించుకుపోయి సాయంత్రానికి వదిలేసేవాళ్లు. "నా వల్ల నీ వ్యాపారం పోతుందన్నా" అని అతనే మానేశాడు. కొన్నాళ్లకి నిజంగానే దొంగతనం చేసి దొరికాడు. ఆ తప్పు అతనొక్కడిదే అంటే నేను ఒప్పుకోను.

రిటైర్డ్ హెడ్ వార్డర్
నా సర్వీసంతా జైళ్లలోనే గడిచింది, ఈ విషయం నాకు తెలిసినంత ఇక్కడ ఇంకెవరికీ తెలియదు. చంచల్‌గూడ జైలు పెట్రోల్ బంకు చూశారా? డబ్బు వసూలు చేసేది, లెక్క అప్పజెప్పేది ఖైదీలే. విడుదలైనవాళ్లకీ అలాంటి బంకుల్లో పని ఇచ్చారు. ఉస్మానియా సైకాలజీ వాళ్లతో కలిసి 'ఉన్నతి' అనే కోర్సు నడిపారు, కోపం వచ్చినప్పుడు ఆగి ఆలోచించడం అందులో నేర్పుతారు. అనంతపురం ఓపెన్ ఎయిర్ జైల్లో వ్యవసాయం చేస్తారు. మనిషి మారడు అనేవాళ్లు ఒకసారి అవన్నీ చూడాలి. స్టువర్టుపురం దొంగలనే మార్చారు, మీ తమ్ముడెంత!

బాపట్ల బిడ్డ
వార్డర్ గారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి. మాది స్టువర్టుపురమే. నేను నర్సుగా చేస్తున్నాను. ఊరి పేరు చెప్పగానే ఇల్లు అద్దెకివ్వని ఓనర్లని చూశాను. మా ఎరుకలవాళ్లని పుట్టుకతోనే నేరస్తులని చట్టంలో రాసి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి సెటిల్మెంట్‌లో పెట్టింది బ్రిటిష్ వాళ్లు. పాస్ లేనిదే ఊరు దాటనిచ్చేవాళ్లు కాదు. 1871లో మొదలైన ఆ చట్టాన్ని దేశమంతటా 1952లో తీసేశారు. మీ నోట్లోంచి మాత్రం ఇంకా పోలేదు.

రిటైర్డ్ హెడ్ వార్డర్
అమ్మా, నేను మెచ్చుకుంటూ అన్నాను. సంఘసంస్కర్తలు లవణం గారు, ఆయన భార్య హేమలత గారు అక్కడ చేసిన సేవని తక్కువ చేయలేదు.

బాపట్ల బిడ్డ
హేమలతా లవణం గారంటే మా పెద్దవాళ్లకి ఎంతో గౌరవం. జాషువా గారి కూతురు, కులమంటే ఏంటో పడి తెలుసుకున్న మనిషి. 'సంస్కార్' అనే సేవాసంస్థ పెట్టి ఇళ్లలోకి వచ్చి ఆడవాళ్లతో కూర్చున్నారు, పిల్లల చదువు చూశారు, ప్రభుత్వంతో, పోలీసులతో మా తరఫున మాట్లాడారు. ముందు మనిషని నమ్మి, తర్వాత పని అడిగారు. మీరు "దొంగలనే" అంటున్నారు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలు కొట్టేసింది. మీ సర్వీసులో మరుగుదొడ్లు ఎవరితో కడిగించారో చెప్పండి.

రిటైర్డ్ హెడ్ వార్డర్
నన్ను నిలదీయడానికి ఇది కోర్టు కాదు. నేనుండగా నా బ్లాకులో కులం చూడలేదు.

నల్లకోటు
ఇద్దరూ ఆగండి. సార్, మీరు చెప్పిన బంకులు, కోర్సులు చాలావరకు శిక్ష పడ్డవాళ్లకే. దేశంలో జైళ్లలో నూటికి 70 మందికి పైగా విచారణ ఖైదీలు. చైన్ స్నాచింగ్ కుర్రాడు రిమాండ్‌కి వస్తాడు, బెయిల్‌పై పోతాడు, మళ్లీ వస్తాడు. వాడి చేతికి ఏ పనీ అందదు. ఇంకొకటి, ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం 1958 నుంచీ ఉంది. మొదటిసారి చిన్న నేరంలో దొరికినవాణ్ణి సెక్షన్ 4 కింద సత్ప్రవర్తన బాండుపై వదలొచ్చు. అలా వదిలితే, సెక్షన్ 12 ప్రకారం ఆ నేరనిర్ధారణ వల్ల వచ్చే అనర్హత ఉండదు. మన లాయర్లే అడగడం లేదు, నాకు మండేది అక్కడే.

గుంటూరు కుర్రాడు
సార్, ఆ సెక్షన్ 12 మావాడికి పనికొస్తుందా?

నల్లకోటు
రాదు తమ్ముడూ. అతను శిక్ష అనుభవించాడు కదా. స్టేషన్ గురించైతే, అతని పేరు మీద రౌడీషీటు, అంటే నిఘా పెట్టే రికార్డు, తెరిచారో లేదో రాతపూర్వకంగా అడగండి. తెరిచి ఉంటే, లాయర్ ఫీజు భరించలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి.

డ్వాక్రా లీడర్
మా సంగతి సారాది. ఎక్సైజ్‌వాళ్లు పట్టుకుని తహసీల్దార్ ముందు బైండోవర్ చేసేవాళ్లు, అంటే మళ్లీ చేయమని బాండు రాయించేవాళ్లు. మళ్లీ దొరికితే బాండు డబ్బు కట్టాలి. దానికి వడ్డీకి తెచ్చి, ఆ అప్పు తీర్చడానికే మళ్లీ బెల్లం ఊట పెట్టేవాళ్లు. సారా మాన్పించే ప్రభుత్వ కార్యక్రమం 'నవోదయం' కింద కొందరికి గేదెలకి సాయం అందింది. కానీ సారాకి డబ్బు ఏ రోజుకారోజు చేతికొస్తుంది, పాలకేంద్రం పదిహేను రోజులకి ఇస్తుంది. ఆ మధ్యలోనే మళ్లీ జారిపోతారు. అందుకే మా సంఘం వాళ్లందరం చందాలేసి మొదట్లో బియ్యం, పప్పు, దాణా ఇచ్చాం. పాలకేంద్రంవాళ్లని బతిమాలి వారానికోసారి లెక్క కట్టించాం. సీఐ గారు పదిరోజులకోసారి వచ్చి సంఘం మీటింగులో కూర్చునేవారు, ఇళ్ల మీదికి మాత్రం రానని మాటిచ్చారు, నిలబెట్టుకున్నారు. ఇద్దరు తప్ప అందరూ మానేశారు.

వెల్డింగ్ షాపు
అక్కా, అలాంటి సీఐ మాకు ఉంటే ఆ కుర్రాడు ఇవాళ నా షాపులోనే ఉండేవాడు.

బాపట్ల బిడ్డ
గుంటూరు తమ్ముడూ, ఊరు మార్చొద్దు. తెలియని చోట అద్దె ఇల్లు దొరకదు, ఒంటరైపోతాడు. పిన్ని దగ్గరే ఉండనివ్వండి. వార్డర్ గారు ఇంకా జవాబు చెప్పలేదు.

నిజామాబాద్ అన్న
లాయర్ సార్, మా తమ్ముడు దొంగతనం కేసులో చాలా నెలల నుంచి రిమాండ్‌లోనే ఉన్నాడు. ముందు ఏ కేసూ లేదు. కొత్త చట్టంలో ఏదో ఉందంటున్నారు?

నల్లకోటు
పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 479. గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపితే బాండుపై విడుదల చేయాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకి వర్తించదు. ఒకటికి మించి కేసులు నడుస్తున్నా కుదరదు. గడువు రాగానే కోర్టుకి రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌ది. ఏ సెక్షన్ పెట్టారు, అరెస్టు తేదీ ఏంటి, ఈ రెండూ చెప్పండి, లెక్క వేద్దాం.